కుడిపక్కన ఎవరు

మోపిదేవిలో పుట్టువెంట్రుకలు తీయించిన రోజున గానీ మా మల్లి తల సంగతి బయటపడలేదు. అప్పటిదాకా ఒత్తైన జుట్టు అంతా కప్పిపెట్టింది. గుండు గీసే ఆయన ఎడమవైపు చకచకా పూర్తిచేసి, కుడివైపుకి వచ్చి చెయ్యి ఆపాడు. "ఇదేంటమ్మా, ఇటుపక్క ఇలా అణిగిపోయింది?" అన్నాడు. తల వెనక కుడిభాగం బల్లకేసి ఒత్తినట్టు చదునుగా ఉంది. నేను అరచెయ్యి ఆనించి చూశాను. చెయ్యి అతికినట్టు నిలిచింది.

మా అమ్మ ఊరుకునే మనిషి కాదు. గుడివాడ మార్కెట్లో చేపలు అమ్మీ అమ్మీ ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేదు. "మూడో నెలలో మా ఇంటి నుంచి పంపినప్పుడు నిమ్మపండులాగా పంపించాను. అక్కడికెళ్లాక ఏం చేశారు పిల్లని?" అని గుడి మండపంలోనే నిలదీసింది. ఆ మాట మా అత్త సత్యవతమ్మకి తగలాలనే అంది, తగిలింది కూడా. అత్త మాత్రం గుండుకి గంధం పూసి, పిల్లని ఎడమచేత్తో భుజానికెత్తుకుని, జనంలోంచి బయటికి వెళ్లిపోయింది. అక్కడున్న వాళ్లంతా నా వైపు చూశారు. పిల్ల తల్లిని నేనే కాబట్టి తప్పు నాదేనని తీర్పు చెప్పేసినట్టుంది వాళ్ల చూపు.

నేను గుడివాడలో పెరిగినదాన్ని. పేరు సాయిదుర్గ. నాన్న రత్తయ్య దివిసీమ నుంచి చేపలు తెప్పించి అమ్మేవాడు. ఆ చేపలతోపాటే నాకు ఈ సంబంధం కూడా వచ్చింది. శివకి సొంత పడవ ఉంది, తాగుడు లేదు, ఇంట్లో తల్లి ఒక్కతే, ఇంతకంటే ఏం కావాలన్నారు. కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే ఉప్పెన తర్వాత ఎవరో దాతలు కట్టించిన కాలనీ వస్తుంది. అందులో మాది చివరి వరస.

పెళ్లయిన కొత్తలో ఆ ఊరిని చూస్తే నాకు ఒళ్లు మండేది. డెబ్భై ఏడు ఉప్పెన వచ్చి ఇరవై ఏళ్లు దాటినా అక్కడ పోయినవాళ్లు ఉన్నవాళ్లతోపాటే కాపురం చేస్తున్నారు. ఎవరింటికైనా వెళ్లి పీట వాల్చబోతే "అక్కడొద్దే, అది మా బాబాయి కూర్చునే చోటు" అంటారు. ఏ బాబాయి? నీళ్లలో కొట్టుకుపోయిన బాబాయి. పోనీ ఆ ఇల్లు అదే ఇల్లా అంటే అదీ కాదు. పాత ఊరు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఈ కొత్త ఇళ్లలో కూడా వాళ్లకి చోట్లు చూపించి కూర్చోబెట్టుకున్నారు. సాయంకాలం గాలి తిరిగినప్పుడు వీధంతా ఒక్కసారిగా మాట ఆపి సముద్రం వైపు చెవి పెట్టేది. అందరూ అలా చేస్తుంటే నేనూ పెట్టేదాన్ని. నాకు అలల చప్పుడే వినపడేది. వాళ్లకి ఇంకేం వినపడేదో అడగడానికి భయం వేసేది.

మా ఇంట్లో పోయినవాళ్లు ఇద్దరు. ఆ రోజు చేపల వేటకి వెళ్లి తిరిగిరాని మామగారు బసవయ్య ఒకరు. ఐదు నెలల ఆడపిల్ల ఇంకొకరు. శివ చెల్లెలు, పేరు నాగమల్లేశ్వరి. అప్పటికి శివకి నాలుగేళ్లు. "నీళ్లు లాక్కుపోయినయ్" అని అత్త ఒక్క ముక్కలో చెప్పేది. ఆ మాటకి ముందూ లేదు, వెనకా లేదు. నాకు కూతురు పుట్టగానే ఆ పేరే పెట్టాలంది. నేను వేరే పేరు అనుకున్నాను గానీ, పోయినవాళ్ల పేరు పెట్టుకోవడం ఎక్కడైనా ఉన్నదే కదా అని ఒప్పుకున్నాను. తీరా మల్లీ అని పిలవడం మొదలయ్యాక, అత్త నోట ఆ పిలుపు విన్నప్పుడల్లా ఇద్దర్ని పిలుస్తున్నట్టుండేది. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అయినా అలాగే ఉండేది.

గుండు అయ్యాక నాకు పిల్ల మొహం కనపడడం మానేసింది, తలే కనపడేది. పాలిస్తున్నా అదే, పడుకోబెట్టినా అదే. అప్పుడే ఇంకో సంగతి గమనించాను. మల్లి ఎప్పుడూ కుడివైపే చూస్తుంది. మంచం మీద వెల్లకిలా వెయ్యగానే మెడ కుడికి తిరిగిపోతుంది. ఎడమవైపు గిలక్కాయ ఊపితే కళ్లు మాత్రం ఇటు తిప్పి, మర్యాదకి పలకరించినట్టు ఒకసారి చూసి, మళ్లీ అటే. కుడివైపు ఉన్నది కిటికీ. కిటికీ అవతల ఇసుక, సరుగుడు చెట్లు, సముద్రం. అటు చూసి నవ్వేది. మామూలు నవ్వు కాదు, ఎత్తుకోమని చేతులు చాపినప్పుడు నవ్వే నవ్వు. కిటికీ దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడ కుక్క కూడా ఉండేది కాదు.

ఊరంతా వైద్యులైపోయారు. ఒకరు ఆవాల దిండు కుట్టి ఇచ్చారు. ఆవాలు తలకి తగ్గట్టు జరిగి గుండ్రం చేస్తాయన్నారు. పిల్ల ఆ దిండు మీద కూడా కుడికే తిరిగి, ఆవాలన్నీ ఒక మూలకి తోసేసింది. తర్వాత పసిపిల్లలకి నీళ్లు పోసే ఎల్లమ్మని పిలిచారు. ఆవిడ కాళ్లు చాపుకుని, పిల్లని కాళ్ల మీద బోర్లా వేసుకుని, ఆముదం చేత్తో తల ఎడమవైపు గట్టిగా ఒత్తడం మొదలుపెట్టింది. పిల్ల ఊపిరి అందకుండా ఏడ్చింది. నేను లాక్కున్నాను.

"పిల్ల తప్పేం లేదే, దుర్గా," అంది ఎల్లమ్మ చేతులు తుడుచుకుంటూ. "కుడిపక్క నుంచి ఎవరో పిలుస్తన్నారు. పిలిచినకాడికి చూస్తంది."

"అట్లా అయితే పేరు కనుక్కుని చెప్పు, ఎల్లమ్మా. పిలిచి టీ ఇస్తాను," అన్నాను ఒళ్లు మండి.

ఎవరూ నవ్వలేదు. అత్త పీట మీద నుంచి లేచి, నా చేతుల్లోంచి పిల్లని ఎడమచేత్తో తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడే బందరు బయల్దేరాను. శివ వేటలో ఉన్నాడు. అత్త నాతో వచ్చింది. పిల్ల ఎక్కడికెళ్తే ఆవిడా అక్కడికే. తెల్లారేసరికి నేను రేవుకి వెళ్లి చేపలు దించుకోవాలి, ఆ తర్వాత రొయ్యల షెడ్డుకి వెళ్లాలి కాబట్టి, రాత్రీ పగలూ పిల్ల నిద్ర ఆవిడ పక్కనే. బస్సులో కూడా నా ఒళ్లో పెట్టనివ్వలేదు. ఎడమచేత్తో పిల్లని పొట్టకి అదుముకుని, కుడిచేత్తో ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చుంది. చల్లపల్లిలో బస్సు ఆగి, డ్రైవరు టీకి దిగినా ఆ కమ్మీ వదల్లేదు. "ఆగి ఉన్న బస్సులోంచి ఎక్కడ పడతావత్తా?" అన్నాను. ఆవిడ కమ్మీని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

పిల్లల డాక్టరమ్మ మంచి మనిషి. మల్లిని బల్ల మీద కూర్చోబెట్టి, పైనుంచి తొంగిచూసి, రెండు చెవుల మీదా వేళ్లు పెట్టింది. "చూడమ్మా, కుడి చెవి కాస్త ముందుకి జరిగింది" అని చూపించింది. నాకు అప్పటిదాకా తెలియలేదు. చూశాక ఇక వేరేది కనపడలేదు. మెడ అటూ ఇటూ తిప్పి, నరం ఏమీ పట్టెయ్యలేదని చెప్పింది.

"మెదడుకేమన్నా అవుద్దాండీ?" అని అడిగాను.

"మెదడుకేం కాదు. తెలివికీ లోటు లేదు. ఒకే పక్క ఆనుకుని పడుకోవడం వల్ల మెత్తటి ఎముక అణిగిందంతే. దిండ్లూ వద్దు, ఒత్తడాలూ వద్దు. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వేసి ఆడించండి. పడుకోబెట్టినప్పుడు ఎడమవైపు చూసేటట్టు చెయ్యండి. తల ఎదుగుతోంది కాబట్టి దానంతటదే సర్దుకుంటుంది. కానీ ఇప్పుడే చెయ్యాలి. ఏడాది నిండి ఎముక గట్టిపడితే ఇక మనం చెయ్యగలిగేది ఉండదు. వదిలేస్తే మొహం కూడా ఒక పక్కకి వంకర తేలుతుంది."

డాక్టరమ్మ చీటీ రాయకుండా పెన్ను మూసి, "మందు లేదు దీనికి. ఒకటి మాత్రం కనుక్కోండి. పిల్ల ఊరికే అటు తిరగదు. అటుపక్క ఏముంది?" అంది.

"కిటికీ అండీ," అన్నాను.

"అయితే మంచం తిప్పెయ్యండి," అని నవ్వింది.

నేనూ నవ్వాను. ఇంత చిన్న పనా అనుకున్నాను. అత్త నవ్వలేదు. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

ఇంటికి రాగానే మంచం మీద అత్త తలగడ తీసి కాళ్లవైపు వేశాను. ఇప్పుడు పిల్లకి కిటికీ ఎడమవైపు వస్తుంది. చెప్పాల్సినదంతా అత్తకి రెండుసార్లు చెప్పి షెడ్డుకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి తలగడ పాత చోటే ఉంది. మళ్లీ మార్చాను. సాయంత్రానికి మళ్లీ పాత చోటే. అడిగితే "మర్చిపోయానే" అంది. రోజూ ఎవరు మర్చిపోతారు? ఇంకోటి కూడా ఉంది. ఎవరైనా పసిపిల్లని గోడవైపు పడుకోబెట్టి తాము బయటివైపు పడుకుంటారు. ఈవిడ తను కిటికీవైపు పడుకుని పిల్లని బయటివైపు వేస్తుంది. పడిపోతుందని నేను మొదట్లోనే గొడవపడితే, పాత చీర గుడ్డతో పిల్లని తన నడుముకి కట్టుకుంటానంది. మొండితనం అనుకున్నాను. మనవరాల్ని నాకు దక్కనివ్వకూడదనే పంతం అని కూడా అనుకున్నాను. శివతో చెప్తే మొహం తిప్పుకుని వల బాగుచేసుకునేవాడు. అతనెప్పుడూ అంతే. అమ్మ చేతిలో పిల్ల ఉన్నంతసేపూ గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. ఆడపిల్ల పుట్టిందని చిన్నబుచ్చుకున్నాడేమో అని నాలో నేనే కుమిలిపోయేదాన్ని.

కార్తీకమాసం వచ్చింది. పోయినవాళ్ల కోసం కాలనీలో ఇంటింటా దీపం పెట్టే రోజులు. ఒకరోజు షెడ్డుకి రొయ్య రాక మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. అత్త మంచం మీద నిద్రపోతోంది. ఎడమచెయ్యి పిల్ల చుట్టూ ఉంది. ఇద్దర్నీ కలిపి గుడ్డ కట్టి ఉంది. కుడిచెయ్యి మాత్రం పైకి లేచి కిటికీ ఊచని పట్టుకుని ఉంది.

ఊరికే ఆనించిన చెయ్యి కాదు. వేళ్ల కణుపులు తెల్లబడిపోయాయి. మనిషి గుర్రుపెట్టి నిద్రపోతోంది, చెయ్యి మాత్రం మేలుకుని ఉంది. దగ్గరికి వెళ్లి చూశాను. సముద్రపు గాలికి ఊచలన్నీ తుప్పు పట్టి గరుకు తేలాయి. ఆవిడ పట్టుకున్న ఊచ ఒక్కటే ఆ మేరకి నున్నగా మెరుస్తోంది. అది ఏ ఒక్క నెలలోనో వచ్చే నునుపు కాదు. ఇల్లు కట్టినప్పటి నుంచీ ఆవిడ ఇలాగే పడుకుంటోందన్నమాట. మల్లి మేలుకునే ఉంది. కుడికి తిరిగి, నాయనమ్మ మొహం మీదుగా, ఆ చేతినే చూస్తోంది. దాన్ని చూసే నవ్వుతోంది. ఇన్నాళ్లూ నేను సముద్రాన్ని తిట్టుకున్నాను గానీ, పిల్ల చూసేది అంత దూరం కాదు.

ఆ వేళ్లు విప్పబోయాను. రాలేదు. చూపుడువేలు ఒక్కటి లేవదీశానో లేదో, అత్త కెవ్వున లేచింది. "వదల్లా! నేను వదల్లా!" అని అరిచింది. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను మాత్రం చూడడం లేదు. పిల్ల బెదిరి ఏడుపందుకుంది.

కాస్త తేరుకున్నాక మంచం పక్కన కూర్చున్నాను. "అత్తా, పిల్ల మొహం వంకరపోతందంట. డాక్టరమ్మ చెప్పింది నువ్వు కూడా విన్నావు. నీకు ఊచ కావాలంటే పట్టుకో. తల అటు పెట్టుకుని, ఎడమచేత్తో ఊచ పట్టుకో, కుడిచేత్తో పిల్లని పట్టుకో. ఏమవుద్ది?"

"ఈ చేతికి పిల్లనివ్వకూడదే," అంది.

"ఎందుకని?"

తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చుంది. మోచేతి దాకా పాత గీతలు, తుమ్మముళ్లు చీరిన మచ్చలు ఉన్నాయి. అవి ఉప్పెనలో తగిలినవని తెలుసు. అయితే ఒక సంగతి అప్పుడే తట్టింది. అదే చేత్తో చేప కోస్తుంది, బిందె మోస్తుంది, అన్నం తింటుంది. మల్లిని మాత్రం ఒక్కసారి కూడా ఆ చేత్తో ఎత్తుకోలేదు. నాకు కోపం వచ్చింది. "రేపు పొద్దున బస్సుకి పిల్లని తీసుకుని గుడివాడ వెళ్తన్నా. తల బాగయ్యాకే తిరిగొస్తా," అని చెప్పేశాను. అత్త తలెత్తలేదు. గుమ్మం బయట నిలబడిన శివ విన్నాడు.

మర్నాడు బస్సు రాలేదు. వాయుగుండం తుఫానైందని, మచిలీపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని రేడియోలో చెప్పారు. మగవాళ్లు పడవలు ఒడ్డెక్కించడానికి పరుగెత్తారు. ఆడవాళ్లం పిల్లల్నీ బియ్యాన్నీ తీసుకుని తుఫాను షెల్టరు ఎక్కాం. స్తంభాల మీద నిలబెట్టిన పెద్ద గది అది. మామూలు రోజుల్లో మేకలు పడుకుంటాయి. కాలనీ అంతా అందులోకి చేరింది, అయినా గోల లేదు. ఎవరి చోటు వాళ్లు చూసుకుని, పక్కన కాస్త కాస్త ఖాళీ వదిలి కూర్చున్నారు. ఆ ఖాళీలు ఎవరికో నేను అడగలేదు. వచ్చిన కొత్తలో అయితే వెటకారం చేసేదాన్ని. ఆ పూట మా ఇంటివాళ్లకి కూడా రెండు చోట్లు వదిలి కూర్చున్నాను.

అత్త కిటికీ పక్కనే చాప వేసింది. గుడ్డతో మల్లిని ఎడమవైపు కట్టుకుంది. కుడిచెయ్యి ఊచ మీదకి పోయింది. బయట గాలి కూతపెడుతోంది. పిల్ల మెడ కుడికి తిరిగింది, ముందుకొచ్చిన చెవి ఆవిడ పక్కటెముకలకి ఆనింది. నాకు ఇక ఓపిక లేకపోయింది. వంగి ముడి విప్పడం మొదలుపెట్టాను.

"వద్దే, దుర్గా. ఇయ్యాళ వద్దు. గాలి చూడు."

"ఇయ్యాళ గాలి, రేపు వాన. ఎముక గట్టిపడేదాకా ఏదో ఒకటి ఉంటానే ఉంటది. కుడిచేత్తో పట్టుకో పిల్లని."

"ఆ చెయ్యి వదిలేసుద్ది!" అని అరిచింది. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఆవిడ గొంతు తగ్గించింది. ఆ తర్వాత చెప్పినదంతా నాకు మాత్రమే వినపడేలా, ఊచ మీద నుంచి చూపు తిప్పకుండా చెప్పింది.

"ఇల్లు లేచిపోయింది. శివ నా మెడ పట్టుకుని వీపు మీదున్నాడు. మల్లి ఈ చేతిలో ఉంది. కొట్టుకుపోతా పోతా ఉంటే తుమ్మచెట్టు తగిలింది. ఎడమచేత్తో కొమ్మ పట్టుకున్నా. చెయ్యి చాల్లేదు, జారిపోతంది. జారితే ముగ్గురం పోతాం. నాకు బలమంతా ఈ చేతిలోనే. ఈ చేతిలో పిల్లుంది." పెదాలు తడుపుకుంది. "నీళ్లు లాక్కుపోలేదే. ఇన్నేళ్లూ అబద్ధం చెప్పా. నేనే వదిలా. చెట్టు పట్టుకోడానికి ఈ చెయ్యి తెరిచా."

ముడి మీద ఉన్న నా వేళ్లు అక్కడే ఆగిపోయాయి. అప్పటి ఆ మల్లికీ, ఇప్పటి నా మల్లికీ ఒకే వయసు.

"నాకు తెలుసమ్మా," అన్న గొంతు వెనక నుంచి వినపడింది.

శివ. పడవ కట్టేసి వచ్చాడు, ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో నేను చూడలేదు.

"నీ భుజం మీంచి చూశా. నువ్వు చెయ్యి తెరవడం చూశా. దాని చెయ్యి కాసేపు కనపడింది. ఆ తర్వాత కనపడలేదు."

అత్త మొహంలోకి చూడలేకపోయాను. ఆవిడ అంది, "తెలిసి కూడా ఒక్కనాడూ అడగలేదేరా?"

"అడిగితే, నిన్నే వదిలి దాన్ని ఉంచుకోవాల్సిందిరా అంటావేమోనని." అంతలేసి మనిషి చిన్నపిల్లాడిలా ముక్కు ఎగబీల్చాడు. "నీ మెడకి ఎంత బరువుగా ఉన్నానో నాకు తెలుసమ్మా. నువ్వు పిల్లని ఎత్తుకున్నప్పుడల్లా నేను చెల్లి చోటులో ఉన్నట్టుంటది. అందుకే లోపలికి రాను."

అత్త కుడిచెయ్యి ఊచని వదిలేసింది. తనకి తెలియకుండానే వదిలేసింది. ఆ చేత్తో కొడుకు తడి చొక్కా పట్టుకుని కిందకి లాగింది, జుట్టు పట్టుకుంది, తల ఒళ్లోకి అదుముకుంది. "ఎవడు చెప్పాడ్రా నీకు? ఎవడు చెప్పాడ్రా?" అని అదే మాట మళ్లీ మళ్లీ అంటూ ఏడ్చింది. శివ కూడా ఏడ్చాడు. గాలి హోరులో ఎవరికీ వినపడలేదు, వినపడినా ఆ గదిలో తప్పుపట్టేవాళ్లు లేరు. ఏ తుమ్మచెట్టు దగ్గర ఎవరి చెయ్యి తెరుచుకుందో, అందరూ సగం మాటే చెప్పుకుని బతుకుతున్నారని నాకు అప్పుడు అర్థమైంది.

నేను ముడి పూర్తిగా విప్పాను. మల్లిని ఎత్తి అత్త కుడివైపుకి తెచ్చాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"అత్తా, ఊచ నేను పట్టుకుంటా," అన్నాను. "శివ కూడా పట్టుకుంటాడు. నువ్వు పిల్లని పట్టుకో."

కిటికీ దగ్గరికి జరిగి ఊచ పట్టుకున్నాను. చల్లగా ఉంది. శివ లేచి నా చేతి మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు. పిల్లని ఆవిడ కుడిచేతిలో పడుకోబెట్టాం. వేళ్లు ముడుచుకోలేదు, విప్పుకుని అలాగే ఉన్నాయి. నాకూ భయం వేసింది, ఆ మాట దాచను. తర్వాత ఒక్కొక్క వేలే మల్లి చుట్టూ మూసుకుంది. పిల్ల అలవాటు కొద్దీ కుడికి తిరిగింది. అటు ఎవరూ లేరు, మేం వదిలిపెట్టిన ఖాళీ చోటు ఉంది. "మల్లీ," అని పిలిచింది అత్త, ఎడమవైపు నుంచి. పిల్ల ఆగింది. ఇంకోసారి పిలిచింది. మెడ నెమ్మదిగా ఇటు తిరిగింది.

తుఫాను ఎటో దారి మళ్లింది. మేం ఇంటికి వచ్చి తలగడ మార్చాం, ఇక అది వెనక్కి వెళ్లలేదు. నేను గుడివాడ వెళ్లలేదు. గాలి లేచిన రోజున అత్త నన్నో శివనో పిలిచి మంచం పక్కన కూర్చోబెట్టుకునేది. మేం ఊచ పట్టుకుంటే ఆవిడ నిద్రపోయేది. నవ్వొచ్చే పనే, కానీ మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. చలి తగ్గాక బందరు వెళ్తే, డాక్టరమ్మ మల్లి తల తడిమి చూసి బాగా తేరుకుందని చెప్పింది. కాస్త చదును మిగలొచ్చనీ, జుట్టు పెరిగితే ఎవరికీ తెలియదనీ అంది.

"ఇంతకీ అటుపక్క ఏముందో కనుక్కున్నారా?" అని అడిగింది.

"మా అత్త అండీ," అన్నాను.

"మరి ఇప్పుడు ఇటుపక్క ఎవరున్నారు?"

"ఇప్పుడు కూడా ఆవిడేనండీ."

డాక్టరమ్మ పెద్దగా నవ్వింది. అత్త కూడా నవ్వింది. మల్లి ఆవిడ కుడిచేతి మీద కూర్చుని ఉంది.

మిగిలింది ఒక్కటే. మల్లి అప్పుడప్పుడూ నిద్రలో కుడికి తిరుగుతుంది. అటు ఇప్పుడు మనిషి లేదు, ఊచ లేదు, ఉత్త మంచం పట్టె, దాని అవతల ఖాళీ నేల. అయినా నవ్వుతుంది, అదే నవ్వు, చేతులు చాపి. మొదటిసారి చూసినప్పుడు నేను గబుక్కున వంగి తల తిప్పబోయాను.

అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండవే. కాసేపు చూడనీ," అంది మెల్లగా. "ఆ మల్లిని ఇన్నాళ్లూ ఎవరు పలకరించారు?"

పిల్ల నవ్వినంతసేపూ తనూ అటే చూసింది. తర్వాత కుడిచేత్తో పిల్ల తలని తన వైపు తిప్పుకుంది.